కంపెనీ పేరు మీద ముడుపు

మా మామ ఎవరి దగ్గరా సూది కూడా ఊరికే తీసుకునేవాడు కాదు. పక్కింటి నుంచి పెరుగు తోడు తెచ్చుకుంటే, ఆ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అందులో రెండు బెల్లం ముక్కలైనా వేసి పంపమనేవాడు. ఇక ఉప్పు, నూనె, నువ్వులు, ఇనుము సంగతి చెప్పే పనే లేదు. అవి ఊరికే చేతిలో పడితే ఎదుటివాళ్ల శని మన గడప దాటి వస్తుందని మా ఇండ్లలో పట్టింపు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా అన్న ఆత్మకూరు నుంచి దోసెల పెనం తెచ్చాడు. మామ ఆ పెనాన్ని గడప బయటే పెట్టించి, మా అన్న వద్దు వద్దంటున్నా వినకుండా ఆయన జేబులో ఒక రూపాయి బిళ్ల వేసి, ఆ తర్వాతే లోపలికి తెమ్మన్నాడు. పెనం అమ్ముకోవడానికి చెల్లెలి ఇంటికి పోయినానని మా అన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతుంటాడు.

మామది ఒట్టి శని భయం కాదు. కర్నూలు బజారులో శనగనూనె అంగడి పెట్టుకొని తల నెరిసిన మనిషి. "దానం పట్టినోనికి నోరుండదు" అనేవాడు. రూపాయి ఇచ్చి కొన్న వస్తువు బాగా లేకపోతే పోయి అడగవచ్చు. ఊరికే తెచ్చుకున్నదాన్ని ఏ మొహం పెట్టుకొని అడుగుతాం?

అట్లాంటి మనిషి ఉన్న ఇంట్లోకి, ఊరికే తీసుకొని ఊరికే పంచమనే సరుకు వచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏండ్లవి. మా మరిది చదువు ముగించి వచ్చి, నూనె అంగట్లో కూర్చోను, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే వ్యాపారం పెడతాను అన్నాడు. అంగడి పక్కన ఖాళీ డబ్బాలు వేసే గది ఒకటి ఉండేది. దాన్ని కడిగించి, సున్నం కొట్టించి, టెలిఫోను తీగలు వరుసగా దింపి, వాటికి చిన్న చిన్న పెట్టెలు తగిలించాడు. ఎవరైనా తమ ఇంట్లో కంప్యూటర్‌తో ఫోను కలిపితే ఇక్కడ ఆ పెట్టె గొంతులో ముల్లు దిగినట్టు గరగరమని, కీచుమని, తర్వాత నిమ్మళించేది. ఎంత కడిగినా గదికి నూనె వాసన మాత్రం పోలేదు. ఇట్లాంటి గదే కడపలో ఇంకొకటి తీసి, అక్కడ మా ఆయనను కూర్చోబెట్టారు. నేను మాత్రం అప్పటికి కర్నూలులో అత్తామామల దగ్గరే ఉన్నాను. సర్కారు లైసెన్సు ఇంటి పెద్ద అని మామ పేరు మీదే తెచ్చారు. కాబట్టి ఏ కాగితం కదలాలన్నా మామ సంతకం పడాల్సిందే.

కనెక్షన్ ఒక్కటే ఇస్తే చాలదట. జనం ఉత్తరాలు రాసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. అప్పట్లో ఫోను కలిసి ఉన్నంతసేపూ బిల్లు తిరుగుతూనే ఉండేది. ఈ సాఫ్ట్‌వేర్ ఉంటే ఫోను పెట్టేసి తీరికగా రాసుకొని, మళ్లీ కాసేపు కలిపి పంపేసి, వచ్చినవి దింపుకోవచ్చు. పరాయి దేశపు కంపెనీ ఒకటి దాన్ని తయారు చేసి ఊరికే ఇస్తోంది. సొంతానికి ఎవరైనా తెచ్చుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. కానీ మాలాగా కనెక్షన్లు అమ్మేవాళ్లు సీడీల్లో ఎక్కించి పదిమందికి పంచాలంటే మాత్రం, వాళ్ల షరతుల కాగితం మీద సంతకం చేసి పంపాలి. అది అందితేనే అనుమతి.

ఒక మధ్యాహ్నం, బేరాలు పలచబడిన వేళ, మరిది ఆ కాగితం తెచ్చి మామ ముందు పెట్టాడు. నేను మజ్జిగ తెచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాను.

"సదువు," అన్నాడు మామ. "ఇంగ్లీషు వొద్దు. మన మాటల్లో సెప్పు."

"దీన్ని మనం జనాలకు ఊరికే ఇయ్యాల నాయినా. వెల కట్టకూడదు."

"ఊ."

"ఉన్నది ఉన్నట్లే ఇయ్యాల. విప్పకూడదు. లోపల ఏమీ మార్సకూడదు."

"ఊ."

"ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ షరతుల కాగితం గూడా ఇయ్యాల. మనమే తయారు సేసినామని సెప్పుకోకూడదు."

"అది న్యాయమే. సదువు."

మరిది గొంతు కొంచెం తగ్గింది. "దీన్తో ఎవరికి ఏ నష్టమొచ్చినా వాళ్లు పూచీ కాదంట. ఇంగ... వాళ్లు ఎప్పుడు ఆపమంటే అప్పుడు మనం పంచేది ఆపాలంట."

మామ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"ఒకడు నూనె డబ్బా తెచ్చినాడనుకో. ఊరికే తీసుకో అంటాడు. మూత తీయొద్దంటాడు. ఇంగొకనికి పోస్తే నువ్వు గూడా ఊరికే పొయ్యి అంటాడు. కడుపులో నొస్తే నా కాడికి రావొద్దంటాడు. బుద్ధి పుట్టిననాడు ఇంగ పొయ్యొద్దంటాడు. ఏమ్మా, ఆ నూనెతో నువ్వు తిరగమాత పెడతావా?"

నన్నే అడిగాడు. "పెడతా మామా. మొదట మీ చిన్నకొడుక్కు వడ్డిస్తా," అన్నాను.

"వదినా, నువ్వు గూడానా," అన్నాడు మరిది, పాపం.

"నాయినా, పెద్ద పెద్ద ఊళ్లల్లో అందరూ పంచుతాండారు. దీంట్లో మోసమేముంటాది?"

"శనక్కాయ విత్తనాల్లో ఏముండ్య మోసం?" అన్నాడు మామ.

మా సీమలో పెద్దవాళ్లకు ఆ ఒక్క మాట చాలు. వానలకు ముందు కొందరు వ్యాపారులు మెట్ట రైతులకు విత్తనం శనక్కాయలు ఊరికే ఇచ్చేవాళ్లు. కాగితం లేదు, మాట లేదు, తీసుకుపో అప్పా అనేవాళ్లు. పంట వచ్చాక తెలిసేది, ఆ కాయ వేరే కాటా ఎక్కకూడదని. ధర విత్తనం ఇచ్చినవాడు చెప్పిందే. రైతు నోరెత్తితే, ఊరికే తిన్నావు గదప్పా అనేవాళ్లు.

"మా నాయిన గూడా అట్లే ఇచ్చినాడు గాబట్టే సెప్తాండా," అన్నాడు మామ నెమ్మదిగా. "ఇచ్చే సెయ్యి ఎట్లుంటాదో నాకు తెలుసురా. నేను దాని పక్కనే కూసోని పెరిగినా."

లోపలి నుంచి మా అత్త అందుకుంది. ఆమె ఎప్పుడూ గోడ అవతల ఉండే మాట్లాడేది, కానీ అంగట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేది. "నువ్వు దినామూ డబ్బా మీద కొసరు పోస్తావు గదా. అది ఊరికే గాదా? నిన్నెవరన్నా అనుమానపడినారా?"

"కొసరు బేరం మీద పోస్తారే. వాళ్లతో నాకు బేరం యాడుండాది?" అన్నాడు మామ. ఆ మాట అన్న తర్వాత ఆయనకే ఏదో తోచింది. "రేయ్, వాళ్లకు రాయి. మాకు ఊరికే వొద్దు, ఒక రూపాయి తీసుకోమను. రూపాయి తీసుకుంటే అది బేరమయితాది. అప్పుడు పెడతా సంతకం."

మరిది సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా రాశాడు, వేరే దారి లేదు. జవాబు తొందరగానే వచ్చింది, చాలా మర్యాదగా ఉంది. మీ పెద్దమనిషి మంచితనానికి సంతోషం, కానీ డబ్బు తీసుకోవడం మా పద్ధతి కాదు, ఇది అందరికీ ఊరికే, అని.

మామ అది విని "రూపాయి వొద్దన్నోడు రూపాయి కంటే పెద్దదేందో సూసుకున్నాడు," అన్నాడు. కాగితాన్ని మడిచి కాటా కింద పెట్టేశాడు.

అక్కడి నుంచి ఇంట్లో అనుమానం మొదలైంది. మరిది సొంతానికని ఆ సాఫ్ట్‌వేర్‌ను గదిలో ఉన్న కంప్యూటర్లో వేసుకొని ఉన్నాడు. మామ ఆ గది ముందు ధరలు నోటితో చెప్పడం మానేశాడు. దళారి వస్తే ఎద్దుల సంతలో మాదిరి తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టి చెప్పేవాడు. మా అత్త ఇంకా ఒక మెట్టు ఎక్కింది. తల దువ్వుకోవడానికి అటు వైపు కూర్చుంటే ముందు పోయి కంప్యూటర్ మొహాన్ని గోడకు తిప్పి వచ్చేది. "అది సూడదు అత్తా, దానికి కండ్లు లేవు," అంటే, "ఊరికే వొచ్చినదానికి ఏముంటాయో ఏం లేవో నీకేం తెలుసు," అనేది. నవ్వొచ్చేది గానీ, పొద్దున్నే ఒంటరిగా ఆ గది ఊడ్చేటప్పుడు నేను కూడా దాని వంక ఒకసారి చూసి ఊడ్చేదాన్ని.

మరిదికి మాత్రం ఇది నవ్వులాట కాదు. కనెక్షన్ కోసం వచ్చినవాళ్లు, ఉత్తరాల సీడీ ఏదప్పా అని అడిగి, ఇంకా రాలేదంటే వెనక్కి పోతున్నారు. పనిచేసే వాటి కంటే ఊరికే వేలాడే తీగలే ఎక్కువ. ఈ పంటకాలం దాటితే గది ఖాళీ చేసి మళ్లీ డబ్బాలు వేసుకుందాంలే అని ఒకరోజు అన్నం ముందు కూర్చొని అన్నాడు. పళ్లెం అట్లాగే వదిలేసి లేచిపోయాడు. అది చూసి మామ కూడా సరిగా తినలేదు. కానీ కాటా కింద కాగితం తీయలేదు.

ఆ రోజుల్లోనే ఎర్రగుంట్ల లారీల ఆసామి వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పే మనిషి. మా నూనె డబ్బాలు కూడా ఆయన లారీల్లోనే పోయేవి. పెద్ద గొంతు, తెల్ల చొక్కా మీద ఎప్పుడూ బూడిద రంగు దుమ్ము. ఆయన తన ఆఫీసుకు కడప గది నుంచి కనెక్షన్ తీసుకొని ఉన్నాడు. ఆయనకు తెలిసిన లారీ ఆఫీసులు ఇంకా చాలా ఉన్నాయి. ఆయన బాగుందంటే అవన్నీ వస్తాయి.

"ఏం శెట్టీ, నీ కొడుకు సంతకం సంతకం అని ఏడుస్తాండాడు," అన్నాడు.

"నువ్వయితే ఏం సేస్తావప్పా? ఊరికే ఇస్తే తీసుకుంటావా?"

"నాకేం తెలుస్తాది. నువ్వు పెడితే నేను తీసుకుంటా, పదిమందితో తీయిస్తా. నువ్వు పెట్టకుంటే నేను ముట్టను. నీ నూనె గూడా నేను వాసన సూసి కొన్యానా? నీ మొగం సూసి కొన్యా."

ఆయన పోయిన తర్వాత మామ మొహం ఇంకా బరువెక్కింది. సీడీ ఇచ్చేది కంపెనీ అయినా, జనం తీసుకునేది తన మొహం చూసి. రేపు ఏదైనా జరిగితే కంపెనీ పూచీ కాదు. అంటే ఆ పూచీ ఎవరి మీద పడుతుంది?

మరునాడు మామ మరిదిని పిలిచి, సొంతానికి తెచ్చుకోవడం తప్పు కాదు గదా, ఆ సాఫ్ట్‌వేర్‌ను లారీల ఆయప్పను కూడా తెచ్చుకోమని చెప్పు, అన్నాడు. ఆయన కంప్యూటర్లో అది పడిందని తెలిసాక, ఒక మధ్యాహ్నం గది తలుపు దగ్గరగా వేసి మరిదితో ఉత్తరం రాయించాడు. నేను అక్కడే తీగల మీద దుమ్ము దులుపుతున్నాను. నూనె ధర తగ్గించి రెండు లారీల సరుకు ఎర్రగుంట్లలో దించుతున్నాను, ఎవరికీ చెప్పొద్దు, నీ లారీలు సిద్ధంగా పెట్టు, అని ఆ ఉత్తరం.

మరిది ఆశ్చర్యపోయాడు. "మనమెప్పుడు దించుతాండాం నాయినా?"

"దించము. బజార్లో దొంగ ఎవడో తెలియాలంటే దొంగ మాట ఒకటి ఇడిసి పెట్టాల. అది యాడ తేలుతాదో సూస్తే సాలు. ఈ మాట మన ముగ్గురికి తెలుసు, ఆయప్పకు తెలుసు, ఈ పెట్టెకు తెలుసు."

పాతకాలంలో మండీల్లో ఆయన ఇట్లాగే దళారులను పట్టేవాడట. ఉత్తరం పోయింది. మేము ఎదురు చూశాం.

ఎక్కువ రోజులు పట్టలేదు. దళారి ఒకడు అంగడి మెట్లు ఎక్కుతూనే, "ఏం శెట్టిగారూ, ఎర్రగుంట్లలో పారబోస్తాండారంట. ఈడ మేం సచ్చినామా?" అన్నాడు.

"ఎవురు సెప్పినారప్పా?"

"ఎవురో ఒకరు. బజారంతా అంటాండాది."

దళారి పోయాక మామ కంప్యూటర్ వంక చూశాడు. తర్వాత కొడుకు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు అందులో, బస్తా బరువు అంచనా వేసే చూపు అది. మా అన్న ఆత్మకూరులో నూనె వ్యాపారమే చేస్తాడు. ఆ సంగతి అక్కడ ఉన్న ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది.

రాత్రి అత్త నాకు అన్నం పెడుతూ, "మీ అన్న ఫోనేమన్నా సేసినాడా ఈ మధ్య?" అంది, ఏదో మామూలుగా అడిగినట్టు.

"లేదత్తా," అన్నాను. ఆ కంపెనీ వాళ్ల మొహం నేను చూడలేదు. కానీ ఆ పూట, దొంగ వాళ్లే కావాలని దేవునికి మొక్కుకున్నాను.

మరిది మాత్రం తెగించి అన్నాడు, "వొదినను అనుమానించొద్దు నాయినా. అంతగా అయితే ఆ కాగితం సించెయ్యి. నేను రేపటి నుంచి డబ్బాలు మోస్తా." మామ పొద్దున్నే నన్ను పిలిచి, "సీర మార్సుకోమ్మా. నిన్ను కడపలో మీ ఆయన కాడ దిగబెడతా. దావలో ఎర్రగుంట్ల సూసి పోదాం," అన్నాడు. మరిదితో మాత్రం ఏదో చెవిలో చెప్పి బయలుదేరాడు.

జమ్మలమడుగు మీదుగా పోయే బస్సు. ఇదంతా నన్ను ఆసామి ముందు నిలబెట్టి అడగడానికేనేమో అని ఒకసారి, మా ఆయనకు అప్పజెప్పి పోవడానికేనేమో అని ఒకసారి అనిపించింది. కిటికీ లోంచి వేడి గాలి, నల్లరేగడి చేలల్లో కోసేసిన జొన్న మోళ్లు. ఎర్రగుంట్ల దగ్గరపడేకొద్దీ చెట్లు, గుడిసెలు, బర్రెలు, అన్నీ ఒకే బూడిద రంగు.

లారీల ఆఫీసు అంటే పెద్ద ఆవరణ. వరుసగా లారీలు. చెట్టు నీడలో డ్రైవర్లు, క్లీనర్లు పేకాడుతున్నారు. వేపకొమ్మకు ఒక మైకు కట్టి ఉంది. సీరియల్ నంబర్లు అందులోనే పిలుస్తారు. ఏ లారీకి ఏ లోడు, ఎక్కడికి, ఎవరి వంతు, అంతా దాంట్లోనే. ఆసామి మమ్మల్ని చూసి ఎదురొచ్చి, మంచం వేయించి, నాకు సోడా తెప్పించాడు. మామ వచ్చిన పని చెప్పలేదు. ఎండల గురించి, డీజిలు గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. అప్పుడప్పుడు ఆఫీసు గది వైపు చూస్తున్నాడు.

గదిలో కంప్యూటర్ దగ్గర గుమాస్తా ఒకడున్నాడు. కొంతసేపటికి ఆ పెట్టె గరగరమంది. గుమాస్తా ఒక కాగితం అచ్చు తీసుకొని, తిన్నగా మైకు దగ్గరికి పోయి, గొంతు సవరించుకున్నాడు.

"వినండప్పా. కర్నూలు నూనె శెట్టి రాసినాడు. రేపు శెట్టి ఇంటిల్లిపాదీ మంత్రాలయం పోతాండారంట. అంగడి మూతంట. డబ్బాల లోడు ఎవురూ పోవొద్దు. ఈ సంగతి శానా గుట్టుగా ఉంచమన్యాడు."

ఆవరణ అంతా మోగింది. పేకాడేవాళ్లలో ఒకడు తల ఎత్తకుండానే, "మంత్రాలయం పోయేదానికి గుట్టేందిరా శెట్టికి?" అన్నాడు. ఇంకొకడు, "పోయి సామికి గూడా కొసరు అడుగుతాడేమో," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ శెట్టి పక్కనే మంచం మీద కూర్చొని సోడా తాగుతున్నాడని వాళ్లకు తెలియదు.

మామ బయలుదేరేటప్పుడు మరిది చెవిలో చెప్పింది ఆ ఉత్తరం సంగతే.

"ఏమప్పా," అన్నాడు మామ ఆసామితో, గొంతు పెంచకుండా. "నా ఉత్తరాలు మైకులో సదివిస్తావా?"

ఆసామి ఏమీ బెదరలేదు. "అందరివీ సదివిస్తా. నాకు కండ్లు ఆనవు, ఇంగ్లీషు అచ్చరాల్లో తెలుగు రాస్తే ఎవనికి తెలుస్తాది? గుమాస్తా సదవాల్సిందే. వాడు నా సెవిలో సదివినాడనుకో, ఆ సెట్టు కింద కూసున్నోళ్లు ఏమనుకుంటారు? ఆసామి ఎవనికో దొంగతనంగా మంచి లోడు ఇచ్చుకుంటాండాడు అనుకుంటారు. ముందొకసారి అట్లే అనుకోని లారీలన్నీ అడ్డం పెట్టినారు. అప్పుటి నుంచి ఈ ఆపీసుకు ఏ కాగితమొచ్చినా మైకులోనే."

"ఎవరికీ సెప్పొద్దని రాసినా గదా?"

"అది గూడా సదివినాడు గదా," అన్నాడు ఆసామి.

మామ నవ్వడం నేను చాలా తక్కువ చూశాను. ఆ రోజు కూడా నవ్వలేదు గానీ, పై పంచెతో మూతి తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తుడుచుకున్నాడు.

కడప బస్సు ఎక్కాక కిటికీ పక్క సీటు నాకు వదిలాడు. ఆయన ఎప్పుడూ కిటికీ ఎవరికీ ఇచ్చే మనిషి కాదు, ఆయనకు బస్సులో తల తిరుగుతుంది. కొంతదూరం పోయాక, "డబ్బా కారలేదు," అన్నాడు. "మూత తీసినోడే ఊరంతా పోసినాడు."

"ఊ," అన్నాను.

"మీ అన్నకు బెల్లం గానుగ మంచిది దొరికిందంట గదా. ఈసారి వొచ్చేటప్పుడు నాకొక దిమ్మె తెమ్మను. దుడ్లు ఇస్తా." ఇంకొంచెం దూరం పోయాక, "సంతకం పెడదామంటావా?" అని అడిగాడు.

నన్ను ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ, ఎప్పుడూ అడగలేదు. నన్ను అనుమానించినందుకు ఆయన చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉందని అర్థమైంది.

"పెట్టండి మామా. ఊరికే తీసుకున్నామనే గదా మీకు పట్టింపు. వాళ్లు రూపాయి వద్దన్నారు. మనం వద్దనలేదు గదా. దేవునికి కట్టినట్టు వాళ్ల పేరు మీద ముడుపు కట్టి పెడదాం. ఎప్పుడైనా వచ్చి అడిగితే ఇద్దాం."

ఆయన కడపలో దిగాక, బస్టాండులోనే పసుపు పొట్లం కొన్నాడు.

కర్నూలు చేరాక కాటా కింద నుంచి కాగితం బయటికి తీశాడు. నేను కడపలో ఉండిపోయాను కాబట్టి ఆ సంతకం నా కళ్లతో చూడలేదు. మరిది చెప్పగా విన్నాను, తర్వాత దాని నకలు కూడా చూశాను. సంతకం కింద మామ తన చేత్తో తెలుగులో ఒక వాక్యం రాశాడు. ఈ సరుకు మేము ఊరికే తీసుకోలేదు, వెల ఇస్తామంటే మీరే వద్దన్నారు, మీ రూపాయి మా దగ్గర భద్రంగా ఉంది, అని. వాళ్లకేం అర్థమవుతుంది నాయినా అని మరిది మొత్తుకుంటే, "వాళ్ల షరతులు నాకు అర్థమయినాయా? అయినా పెట్టలా? వాళ్లను గూడా పెట్టుకోమను," అన్నాడట. అట్లాగే ఫ్యాక్సులో పంపారు. కంపెనీ నుంచి అనుమతి వచ్చింది. ఆ తెలుగు వాక్యం గురించి ఒక్క ముక్క లేదు. వాళ్లు చదివించుకున్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి, గదిలో పెట్టెల పైన మేకుకు వేలాడదీశారు. సీడీలు బయలుదేరాయి. కనెక్షన్ తీసుకున్నవాళ్లకు సీడీ ఇస్తూ మామ, "ఇది కొసరప్పా. విప్పొద్దు, ఎవరికీ అమ్మొద్దు. కాగితం సదివించుకో, మైకులో మాత్రం వొద్దు," అనేవాడు. లారీ ఆఫీసులు వచ్చాయి. అంగళ్లు వచ్చాయి. మంత్రాలయంలో సత్రం నడిపే ఆయన ఒకరు వచ్చి, ముడుపు చూసి ఇది ఏ సామికప్పా అని అడిగితే, "తెలీదు సామీ. మొగం సూడలేదు," అన్నాడట మామ. మరిది గది నిలబడింది. వేలాడే తీగలు ఒక్కొక్కటే పనిలో పడ్డాయి.

అయినా అత్త కంప్యూటర్ మొహాన్ని గోడకు తిప్పడం మానలేదు. మామ తువ్వాలు కింద వేళ్లు పట్టడమూ మానలేదు.

కొన్నేండ్లు గడిచాయి. ఫోను కీచుమనే కనెక్షన్లు పోయి, ఎప్పుడూ కలిసి ఉండే కనెక్షన్లు వచ్చాయి. ఒక పండగకు నేను కర్నూలులో ఉన్నప్పుడు, మరిది ఒక ఉత్తరం చదివి మామ దగ్గరికి వచ్చాడు. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆపేస్తోంది. పంచే అనుమతి వెనక్కి తీసుకుంటున్నారు. ఇకమీదట కొత్తవాళ్లకు ఇవ్వకూడదు.

"సెప్పలా నేను," అన్నాడు మామ. కానీ ఆ మాటలో గెలిచిన సంతోషం లేదు. చాలాకాలం అంగడికి వచ్చిన మనిషి రావడం మానేస్తే ఎట్లుంటుందో, అట్లున్నాడు. "ముందు తీసుకున్నోళ్ల సంగతేంది? వాళ్లను గూడా తీసెయ్యమంటాండారా?"

"లేదు నాయినా. వాళ్లు ఉన్నన్నాళ్లు వాడుకోవచ్చంట."

మామ స్టూలు వేయించుకొని, నన్ను పట్టుకోమని ఎక్కి, మేకు మీది ముడుపు దించాడు. గుడ్డ చివికి, నూనె మరకలతో నల్లబడి ఉంది. ముడి విప్పితే బిళ్లకు పసుపు అంటుకుని ఉంది. పంచె చెంగుతో దాన్ని తుడిచి గల్లాపెట్టెలో వేశాడు. బేరం తెగిపోయింది కాబట్టి అది ఇక మా అంగడిదే.

తర్వాత స్టూలు మీదే కూర్చున్నాడు.

"ఉన్నోళ్లను వాడుకోమన్యారంటివి గదా. మంచి మాటే," అన్నాడు. ఆ తర్వాత మరిది చేతిలో కాగితం వైపు వేలు చూపి, "అంత మంచిగా ఎందుకు సెప్పినారో, ఇంగొకసారి సదువు," అన్నాడు.